నాచారమునుండి సముద్రమట్టమునకు

పిల్లలతో ప్రయాణమనగానే మనలో పెక్కుమందికి ముందుగా జ్ఞప్తికి వచ్చునవి మూటలు, మందుసీసాలు, బండి తప్పిపోవునేమోయను తొందర. అందుచేత పెండ్లిండ్లకును తీర్థములకును దప్ప పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లు కదలుట మనకు అరుదు. నేనును అట్టిదాననే. నాకు మరియొక కారణముకూడ నుండెను. దానిని దాచక చెప్పినగాని ఈ వ్యాసమునకు ప్రయోజనము లేదు గనుక, సోదరీమణులారా, కొంచెము ఓపికతో వినుడు.

మా కాపురము నాచారములో. ఒక ప్రక్కను ఉప్పలు, ఒక ప్రక్కను మల్లాపురము, నడుమ కర్మాగారముల గోడలు. మేడమీది కెక్కినచో కనబడునవి నీళ్ళతొట్లు, పొగగొట్టములు, ఇంకను అక్కడక్కడ ఇండ్ల నడుమ ఇరుకుకొని నిలిచిన నల్లరాతి గుండ్లు. ఆ గుండ్ల వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అంతటి పురాతనవస్తువుల మధ్య పుట్టి పెరుగుచున్నను మా పిల్లలు ఆకాశము నేలను కలియుచోటు ఎట్లుండునో ఎరుగరు.

మా అమ్మాయికి పదునొకండేండ్లు. ఒకనాడు బంధువులను సాగనంపుటకు చర్లపల్లి స్టేషనుకు పోతిమి. అక్కడి పసుపుపచ్చని పలకమీద ఊరిపేరు క్రింద చిన్న అక్షరములతో నున్న అంకెను చదివి, "సముద్రమట్టమునకు ఇన్ని మీటర్ల ఎత్తు అని వ్రాసినారు. సముద్రము మన ఊళ్ళో లేదు గదా, ఇక్కడ ఎందుకు వ్రాసినారు?" అని అడిగెను. దేశములోని ఎత్తులన్నియు సముద్రపు సగటు మట్టమును సున్నగా పెట్టుకొని కొలుతురనియు, ఆ కొలత విద్యను నేర్పు భారత సర్వేశాఖవారి శిక్షణాలయము మన ఉప్పలులోనే యున్నదనియు, మన హైదరాబాదు సముద్రముకంటె సుమారు 500 మీటర్ల ఎత్తున నున్నదనియు మావారు బోధపరచిరి. అమ్మాయి కొంతసేపు ఆలోచించి, "అయితే ఆ సున్న ఎక్కడ నున్నదో నాకు చూపించుడు" అనెను. ఏడేండ్ల చిన్నవాడు "నాకును" అని పట్టుబట్టెను. నేను మాటాడలేదు.

మాటాడకపోవుటకు కారణ మిది. మా పుట్టింటి వెనుక నొక పాత రాతిగని యుండెను. ఊరు పెరుగుటకు కావలసిన రాయిని తవ్వి తీసికొని, పిమ్మట గుంటను పూడ్వక విడిచిన చోట్లు మా తూర్పుదిక్కున పెక్కులు గలవు. వానకాలమున వాటిలో నీరు నిలిచి చూపునకు మిక్కిలి నిర్మలముగా నుండును. లోతు తెలియదు. గట్టు నిలువుగా నుండుటచేత దిగినవానికి పట్టు దొరకదు. నా తమ్ముడు తొమ్మిదవ యేట అందులో దిగి మరల రాలేదు. ఆనాడు వానిని కనిపెట్టుకొని యుండుమని నాతో చెప్పి పెద్దలు పనికి పోయిరి. నేను గచ్చకాయలాడుచుంటిని.

అది మొదలు నేను నీటిదరికి పోలేదు. బతుకమ్మ పండుగనాడు అందరితోపాటు పూలు పేర్చెడిదానను, పాడెడిదానను, చెరువుగట్టువరకు మోసికొని పోయెడిదానను. నీటిలో విడుచు సమయమునకు మా ఆడపడుచు చేతికిచ్చి వెనుకకు తిరిగెడిదానను. పిల్లలకు ఈ సంగతి చెప్పనేలేదు. నీళ్ళదగ్గరకు పోరాదని మాత్రము నిత్యము చెప్పుచుంటిని.

ఆ రాత్రి మా అత్తగారు నన్ను ప్రక్కకు పిలిచి, "బిడ్డా, నీ భయం నాకెరుకనే. గని పిల్లలు ఎప్పటికైనా నీళ్ళు జూస్తరు. నువ్వు జూపిస్తె నువ్వుంటవ్. నువ్వు జూపియ్యకపోతె నువ్వు లేనప్పుడు జూస్తరు" అని చెప్పిరి. దానికి నావద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ధనుర్మాసములో, పండుగకు ముందుగనే తిరిగి వచ్చునట్లు, విశాఖపట్టణమునకును అరకుకును పోవ నిశ్చయించితిమి.

పిల్లలను కొండ లెక్కించదలచినవారు ముందుగా వారి కాళ్ళకు అలవాటు చేయవలెను. మా ఉప్పలులో వరంగల్లు బస్సెక్కినచో గంటన్నరలోపల భువనగిరి చేరవచ్చును. కోడిగ్రుడ్డువలె నున్న ఒకే బండ, 500 అడుగులకు పైబడిన ఎత్తు, శిఖరమున కోట. పశ్చిమచాళుక్యరాజైన త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరిట దానికి ఆ పేరు వచ్చినది. రెండు ఆదివారములు తెల్లవారుజామున పోయి ఎక్కితిమి. మొదటి వారము చిన్నవాడు సగము దారిలో కూలబడెను. రెండవ వారము మాకంటె ముందు పైకి చేరి చేతులూపెను. క్రొత్త చెప్పులు కాళ్ళను కొరుకునని తెలిసినదికూడ అక్కడనే. వాటిని ఇంట విడిచి పాతవాటితోనే ప్రయాణము చేసితిమి.

విశాఖకు సుమారు 700 కిలోమీటర్ల దారి. రాత్రి బండిలో పోయినచో పిల్లలు నిద్రలోనే దూరమును దాటుదురు. పులిహోర, పెరుగన్నము, జొన్నరొట్టెలు కట్టుకొంటిమి. తెల్లవారినపిమ్మట అమ్మాయి కిటికీదగ్గర కూర్చుండి ప్రతి స్టేషను పలకను చదువుచు కాగితముమీద అంకెలు వ్రాసికొనెను. అవి అంతకంతకు చిన్నవగుచుండుట చూచి దాని కండ్లు పెద్దవగుచుండెను. విశాఖ పలకమీది స్వల్పమైన అంకెను చూచి, "ఇంక కొంచెమే దిగవలెను" అని నవ్వెను.

విశాఖలో మొదట చూచినది సముద్రతీరమున నున్న కురుసుర అను జలాంతర్గామి. ఇది 1969 మొదలు 2001 వరకు మన నౌకాదళములో పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారినది. లోపల డెబ్బదిమందికి పైగా మనుష్యులు దినములకొలది నీటిక్రింద నివసించెడివారట. మగవారు యంత్రములను చూచుచుండగా నేనును అత్తగారును వంటగదిని చూచితిమి. మన దేవునిగూటికంటె కొంచెము పెద్దది. ఆ చోటనే అంతమందికి అన్నము వండెడివారని వినగా, ఇంటిలో వంటగది చాలదని గొణుగుటకు ఇకమీదట నాకు నోరు రాదు.

సాయంకాలము ఇసుకలోనికి దిగితిమి. నీరు ఆకాశమువరకు వ్యాపించియున్నది. అత్తగారు వంగి తడియిసుకను తాకి తలపై జల్లుకొనిరి. పిల్లలు పరుగెత్తబోగా నేను ఇద్దరి మణికట్లను రెండు చేతులతో పట్టుకొంటిని. చిన్నవాడు గింజుకొనెను, ఏడ్చెను. నేను విడువలేదు. అర్ధగంటకు గదికి తిరిగి వచ్చి దీపమువద్ద చూడగా, వాని చేతిమీద నా వ్రేళ్ళ గుర్తులు ఎఱ్ఱగా నుండెను. అమ్మాయి నా ముఖము చూడకుండ గోడవైపు తిరిగి పండుకొనెను. సముద్రమును చూపించుటకు వచ్చి భయమును చూపించితినని నాకు ఆ రాత్రి తోచెను.

మరునాడు ఉదయము సముద్రపుటొడ్డు బాటను భీమునిపట్టణమునకు పోతిమి. ఇది 30 కిలోమీటర్లకు లోపు దూరము. ఒక ప్రక్కను కొండలు, ఒక ప్రక్కను నీరు. దారిలో తొట్లకొండ యున్నది. ఎత్తు 128 మీటర్లు. పైవరకు బండ్లు పోవుదారి యున్నను మేము నడిచియే ఎక్కితిమి. సుమారు రెండువేల యేండ్ల క్రిందట ఇక్కడ బౌద్ధభిక్షువులు విహారము కట్టుకొని నివసించిరి. 1976లో నౌకాదళమువారి పరిశీలనలో ఈ చోటు బయటపడగా, తరువాత పురావస్తుశాఖవారు తవ్వించిరి. వాననీటిని నిలువచేసికొనుటకు బండలో తొలిచిన తొట్లవలననే ఆ పేరు. ఉప్పునీటి సముద్రము ఎదుట నుండగా త్రాగునీటికై రాతిని తొలిచిన వారి ముందుచూపును గూర్చి, కుళాయి నీటికి వేచియుండు మనకు వేరుగా చెప్పనక్కరలేదు. కొండమీదనుండి చూచినప్పుడు సముద్రము కదలని నీలిపట్టువలె నుండెను. అంతదూరమునుండి నాకు భయము కలుగలేదు.

అక్కడికి ఆవల ఎఱ్ఱమట్టి దిబ్బలు. గాలియు నీరును వేలయేండ్లు పేర్చి మరల కోసిన ఎఱ్ఱని ఇసుకలోయలు. పిల్లలు అందులో దాగుడుమూతలాడిరి. వానిని ఎక్కి త్రవ్వుట తగదు. అది మనదేశపు భూచరిత్రలో నొక పుట. చింపివేసినచో మరల వ్రాయువారు లేరు.

భీమునిపట్టణము ప్రశాంతమైన ఊరు. 17వ శతాబ్దమున ఒలందావారు ఇక్కడ వర్తకస్థానము నెలకొల్పిరి. 1825లో అది ఆంగ్లేయుల వశమైనది. 1861లోనే పురపాలకసంఘ మేర్పడినది. ఒలందావారి శ్మశానములోని సమాధులు ఉప్పుగాలికి ఒరిసి ఇప్పటికిని నిలిచియున్నవి. ఊరిప్రక్కనే గోస్తనీనది సముద్రములో కలియును. నదీముఖమున పిల్లలను దింపరాదు. అచ్చట ఇసుక నిలుకడలేనిది, ప్రవాహము ఎటు లాగునో తెలియదు. మేము దూరమునుండి చూచి, ఊరివైపు తీరమునకు వచ్చితిమి.

అక్కడ వలలు ఆరవేసికొనుచు ఒక జాలరి ముసలమ్మ కూర్చుండియుండెను. నేను మరల పిల్లల చేతులు పట్టుకొని నిలువబడుట ఆమె చాలసేపు చూచి, "నీటికి ఎవర్నైనా ఇచ్చుకున్నావా తల్లీ?" అని అడిగెను.

ఇరువదియైదేండ్లలో నన్నెవరును ఆ మాట అడుగలేదు. "తమ్ముణ్ణి" అంటిని. అమ్మాయి గభాలున నా వైపు తిరిగెను.

ముసలమ్మ నన్ను ఓదార్చలేదు. "మా ఇంట్లోనూ ఇద్దరెల్లిపోనారు. అయినా పొద్దున లెగిస్తే ఈ నీళ్ళే మాకు కూడు. పిల్లల్ని బయిపెట్టకమ్మా. సూడ్డం నేర్పు" అని లేచి, కఱ్ఱతో సముద్రమును చూపెను. "అల్లదిగో, అలలు ఇరుగుతున్న సోటు సూడు. ఇల్లదిగో, ఈ నడుమ అల ఇరగనేదు, నీరు నల్లగా నిమ్మళంగా ఉంది. మంచి సోటనుకుంటారు. అదే పాడు సోటు. ఒడ్డుకొచ్చిన నీరంతా అందులోంచే ఎనక్కి పోతాది. మనిషినీ లాక్కుపోతాది."

సోదరీమణులారా, ఈ మాట బాగుగా గుర్తుంచుకొనుడు. అలలు తెల్లగా విరుగుచోటు భయంకరముగను, విరుగని చోటు శాంతముగను మనకు తోచును. నిజము దీనికి విరుద్ధము. ఒడ్డుకు చేరిన నీరు ఎటో ఒక దారిని వెనుకకు పోవలెను గదా; ఆ లోతైన కాలువవంటి దారియందు అలలు విరుగవు. దానిలో చిక్కినవారు ఒడ్డువైపునకే ఈదబోయి అలసి మునుగుదురు. అట్లుగాక తీరమునకు సమానముగ ప్రక్కకు ఈదినచో ఆ లాగుడునుండి బయటపడి అలలతోపాటు ఒడ్డు చేరవచ్చును. ఈత రానివారు మోకాలు దాటరాదు. ఎఱ్ఱజెండాలు పాతినచోట ఆ మాత్రముకూడ దిగరాదు. నా తమ్ముని మ్రింగిన గుంటకూడ నిమ్మళముగానే యుండెనని నాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చెను.

ముసలమ్మ చూపినచోట, అలలు సమముగా విరుగుచుండగా, పిల్లలతో నేనును దిగితిని. మొదట మడమలు, పిమ్మట పిక్కలు. కాలిక్రింది ఇసుకను అల తీసికొనిపోవుచుండగా నా గుండె ఝల్లుమనెను, నిలువబడితిని. అమ్మాయి నా చేయి పట్టుకొనెను. ఈమారు నేను పట్టుకొనలేదు, తానే పట్టుకొనెను. "మామయ్య పేరేమి?" అని అడిగెను. చెప్పితిని. గచ్చకాయల సంగతికూడ చెప్పితిని. అమ్మాయి ఏమియు ననక, కొంతసేపటికి, "నీకు అప్పుడెన్నేండ్లు?" అనెను. "పదునొకండు." "నా అంతయే గదా" అని నన్ను ఇంకను దగ్గరగా పట్టుకొనెను. ఆ మాట నన్ను నేను ఎన్నడును అనుకొనియుండలేదు.

మూడవనాడు తెల్లవారుచుండగనే అరకు బండి ఎక్కితిమి. బైలదిల్లా ఇనుపరాయిని ఓడరేవునకు చేర్చుటకై 1960 తరువాతి యేండ్లలో జపానువారి తోడ్పాటుతో నిర్మింపబడిన మార్గమిది. సొరంగములు 58 అని చెప్పుదురు. చిన్నవాడు ఒక్కొక్కటి వచ్చినప్పుడు కేకవేసి లెక్కించి, ముప్పదిమూడవదానివద్ద నిద్రపోయెను. అమ్మాయి కాగితముమీద అంకెలు మరల పెరుగజొచ్చెను. శిమిలిగుడ అను చిన్న స్టేషనువద్ద పలకమీది యంకె 1000 మీటర్లకు కొంచెమే తక్కువగా నుండెను. "మన ఇంటికి రెండింతలు!" అని అందరిని లేపి చూపించెను.

అరకులోయలో చలి యెక్కువ. ఉన్నిబట్టలు, చెవులకు గుడ్డలు తప్పక కొనిపోవలెను. పొలములలో అక్కడక్కడ మిగిలిన వలిసెపూలు పసుపుకుంకుమలలో పసుపువలె మెరయుచుండెను. కొండవాలులందు సిల్వరు ఓకు చెట్లనీడను కాఫీ మొక్కలు, ఆ చెట్లనే అల్లుకొని మిరియపు తీగెలు. ఈ కాఫీకి 2019లో భౌగోళికగుర్తింపు లభించినది. పండ్లను చేతితో ఏరి ఒలిచి ఎండబెట్టుటలో గిరిజనస్త్రీల చేతిపని యెక్కువ. మనము అంగడిలో కొనునప్పుడు దానిని తలచుట న్యాయము. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థవారి దుకాణములలో కాఫీ, తేనె దొరకును. గిరిజన ప్రదర్శనశాలలో వారి పనిముట్లను, నగలను చూడవచ్చును. వారి ఇండ్లముందు నిలిచి అడుగక ఛాయాచిత్రములు తీయుట మాత్రము తగదు. మన వాకిట నిట్లు చేసిన మనకెట్లుండునో ఊహించుకొనుడు.

మరునాడు రోడ్డుమార్గమున అనంతగిరి మీదుగా బొఱ్ఱాగుహలకు దిగితిమి. సముద్రమునకు ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున సున్నపురాతి కొండలో నేర్పడిన గుహలివి. వాననీరు గాలిలోని బొగ్గుపులుసువాయువును కొంత కలుపుకొని సున్నపురాతిని కొంచెముకొంచెముగా కరగించును. ఆ నీరే లోపల బొట్టుబొట్టుగా కారుచు తాను తెచ్చిన సున్నమును విడిచి, పైనుండి క్రిందికి ఊడలుగను, క్రిందనుండి పైకి లింగములుగను పెంచును. ఏడాదికి వెండ్రుకవాసి పెరుగుట గొప్ప. మెట్లు తడిగానుండును, ముసలివారికి చేయూత కావలెను. మేత మేయుచున్న ఆవు కప్పులోని బిలమునుండి గుహలో పడెననియు, దాని పొదుగునుండి నది పుట్టెననియు అక్కడి కథ. అందుచేతనే గోస్తని.

అమ్మాయి ఆ పేరు విని ఆగిపోయెను. "భీమిలిలో సముద్రములో కలిసిన నదియా?" "అదియే." క్రింద చీకటిలో నీటిసవ్వడి వినబడుచుండెను. ఈ నీరు కొండలు దిగి, తాటిపూడి జలాశయములో నిలిచి, పొలములు తడిపి, మనము మొన్న చూచిన ఇసుకను చేరునని మావారు చెప్పిరి. పిల్లలు వంగి చాలసేపు విన్నారు. నేనును వంటిని. ఆశ్చర్యమేమనగా, వారి చేతులు నేను పట్టుకొనలేదని బయటికి వచ్చినపిమ్మటగాని నాకు తెలియలేదు.

తిరుగు ప్రయాణమునాడు అత్తగారి కోరికపై సింహాచలము పోతిమి. అడివివరమువద్ద తొలిపావంచానుండి సుమారు వేయి మెట్లు. భువనగిరి అలవాటుచేత పిల్లలు ఆగక ఎక్కిరి. అత్తగారు బస్సులో వచ్చిరి. సంవత్సరమంతయు చందనపు పూతలో నుండి వైశాఖశుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపమును చూపు స్వామి వరాహలక్ష్మీనరసింహుడు. 1516లో కృష్ణదేవరాయలు వచ్చి సేవించిన క్షేత్రమిది.

పిల్లలతో వెళ్ళదలచిన సోదరీమణులకు రెండు మాటలు. దినమునకు ఒక్క పెద్ద పనియే పెట్టుకొనుడు. ఉదయము కొండ, సాయంకాలము ఒడ్డు అనిన చాలును. ఎక్కునప్పుడు నీరు కొంచెము కొంచెముగా త్రాగించుడు. నాలుగవ దినమున పిల్లలకు విసుగు పుట్టును. ఆనాడు ఏమియు చూడక విశ్రమించుట మేలు. మా అమ్మాయికి పలకల అంకెలవలె, ప్రతి పిల్లవానికి తానై వెదకుకొనునది ఒకటి ఉండునట్లు చూడుడు. అన్నిటికంటె ముఖ్యముగా, పిల్లలను నీటికి దూరముగా నుంచుట కాక, నీటిని చదువుట నేర్పుడు. ఈత నేర్పించుడు, మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకును. మా ప్రక్కనున్నట్టి విడిచిన రాతిగుంటలు మీ ఊరను ఉన్నచో, పదిమంది తల్లులు కలిసి పోయి వానిచుట్టు కంచె వేయించుమని అధికారులను అడుగుడు. ఒక్కరడిగిన వినరు.

మా పిల్లలిద్దరు ఇప్పుడు ఆదివారములందు ఈతకొలనికి పోవుచున్నారు. అమ్మాయి వ్రాసిన అంకెల కాగితమును మావారు గోడకు అంటించిరి. ఈ యేడు సద్దుల బతుకమ్మనాడు చెరువుగట్టుమీద మా ఆడపడుచు అలవాటుచొప్పున చేతులు చాచెను. నేను ఇయ్యక, మెట్లు దిగి, నా బతుకమ్మను నేనే నీటిలో విడిచితిని.